బయట ఏనుగు, లోపల సింహం

పోయిన నెల మా తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేసి, "అక్కా, పెరట్లో నూతి పక్కన మట్టి దిమ్మ ఉంది కదా, అది ఏ దేవుడిది?" అని అడిగాడు. పెరడు చదును చేయించి రేకుల షెడ్డు వేయిద్దామని వాడి ఆలోచన. పలుగు పట్టుకుని వచ్చిన మనిషి ఆ దిమ్మ మీద పసుపు కుంకుమలు చూసి, దండం పెట్టి, వెనక్కి తగ్గాడట. మా మరదలు కాపురానికి వచ్చిన నాటి నుంచి ప్రతి శుక్రవారం అక్కడ దీపం పెడుతోందట. ఎందుకు పెడుతున్నావని అడిగితే, ఏదో పాత దిమ్మ కదా, పెట్టకపోతే ఏమవుతుందో అని పెడుతున్నానందట. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. "ఒరే, అది దేవుడు కాదురా, తాబేలు ఇల్లు" అన్నాను. వాడు నమ్మలేదు. టేపు పెట్టి కొలిచి పది నిమిషాల్లో మళ్ళీ చేశాడు. "బయట ఏడున్నర అడుగుల పొడవు, నాలుగున్నర వెడల్పు ఉందక్కా. లోపల చూస్తే అడుగున్నర సందు. ఇందులో తాబేలు ఎలా తిరుగుతుంది?" అన్నాడు. నాయనా, యాభై ఏళ్ళు దాటాక ఆ ఇంట్లో ఈ ప్రశ్న అడిగిన రెండో మనిషివి నువ్వు. మొదట అడిగింది అమ్మ. అప్పుడు అమ్మకు జవాబు చెప్పిన వాళ్ళెవరూ లేరు. ఉన్నవాళ్ళలో లెక్కలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, నేను కూడా చెప్పలేదు.

మా ఊరు నరసన్నపేటకు మూడు మైళ్ళు. ఇంట్లో మేము నలుగురం: తాత, అమ్మ, నేను, ఉయ్యాలలో తమ్ముడు. నాన్న కొత్తవలసలో కొత్త రైలుదారి పనుల్లో ఉండేవాడు. నెలకోసారి వచ్చి రెండు రోజులుండి, వచ్చిన ప్రతిసారీ "నాన్న ఎలాగంటే అలాగే" అనేసి వెళ్ళిపోయేవాడు. నాన్నమ్మ నేను పుట్టకముందే పోయింది. కాబట్టి ఇంట్లో మాట తాతది, పని అమ్మది. కోడి కూయకముందే అమ్మ లేచి వాకిట్లో కళ్ళాపి చల్లి, పొయ్యి మీద చోడి, అదే రాగి, అంబలి కుండ పెట్టేది. అంబలి ఉడికే వాసన, పక్కన పశువులసాలలో తడిసిన గడ్డి వాసన, ఏడాదిలో సగం రోజులు ఊరంతా కమ్ముకునే గోగునార ఊరిన కుళ్ళు వాసన, ఈ మూడూ కలిసి మా ఇంటి తెల్లవారుజాము. తాత అరుగు మీద గొంగళి మడిచి కూర్చుని, ఒక చేత్తో పచ్చిమిరపకాయ, ఒక చేత్తో అంబలి చెంబు పట్టుకుని, "ఒసే నర్సీ, పంచాంగం ఒట్రా" అని కేకేసేవాడు. ఆయనకు ఒక్క అక్షరం రాదు. కానీ ప్రతి ఉగాదికీ పంచాంగం కొనేవాడు. అందులో తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం చూసి చెప్పడం నా పని. నేను తడుముకోకుండా చదివితే మురిసిపోయి మామిడిపండులో మొదటి ముక్క నాకు పెట్టేవాడు. నేనంటే ప్రాణమే ఆయనకు, కాదనను. కాకపోతే పంచాంగం చదవడానికి అయిదో తరగతి చాలునని ఆయన లెక్క.

ఆ ఏడాది నేను అయిదు పాసయ్యాను. ఊళ్ళో బడి అయిదుతో సరి. ఆరో తరగతికి నరసన్నపేట హైస్కూలుకు వెళ్ళాలి. మా మాష్టారు ఇంటికి వచ్చి, పిల్లకు లెక్కలు బాగా వస్తాయి, మాన్పించకండి అని చెప్పి, టీసీ కాగితం కూడా అమ్మ చేతికిచ్చి వెళ్ళారు. తాత అవుననలేదు, కాదనలేదు. "సూద్దాం" అన్నాడు. మా తాత "సూద్దాం" అన్నాడంటే ఆ పని నేల మీద పడ్డట్టేనని ఊళ్ళో అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే దిగబడింది ఆ తాబేలు. వేసవి దుక్కుల్లో తాత ఎర్రమెట్ట మీద చేను దున్నిస్తుంటే నాగలి ముందు కదలకుండా కూర్చుని ఉందట. జానెడు పొడవు, నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని ఉన్నాయి. కుడివైపు అంచు కొంచెం విరిగి ఉంది. తువ్వాలులో మూటగట్టి నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. వీధిలోంచే కేకలు. "ఓ కోడలా, కాళ్ళకి నీళ్ళొట్రా! కూర్మనాదుడే నడిసొచ్చినాడు మనింటికి!" మావైపు శ్రీకూర్మంలో దేవుడే తాబేలు రూపంలో ఉన్నాడు కదా. చేలల్లో ఇలాంటి తాబేలు దొరికితే తీసుకెళ్ళి అక్కడ సమర్పించుకోవడం ఆనవాయితీ. తాత అక్కడికక్కడే మొక్కుకున్నాడు, మంచిరోజు చూసి శ్రీకూర్మం తీసుకెళ్ళి అప్పగిస్తానని. ఆ మంచిరోజు నన్నే వెతకమన్నాడు. మూఢమన్నాడు, దుక్కులన్నాడు, ఆకుమడి అన్నాడు, ఆపైన ఆషాఢం ముంచుకొస్తుందన్నాడు. నాలుగు రోజులుండి వెళ్ళాల్సిన చుట్టం అలా తిష్ఠ వేసింది. పేరు కూడా పెట్టేశాం, కూర్మయ్య అని.

ఇక్కడో చిక్కు వచ్చింది. గుళ్ళో ఉంటే దేవుడు. అదే ఇంట్లోకి వస్తే? మా ఊళ్ళో గోడలు పెట్టే అసిరయ్య మేస్త్రి, తాతకు వరసకు తమ్ముడు, విషయం తెలియగానే పరుగున వచ్చాడు. "అన్నా, గడప దాటనీకు. తాంబేలు సొచ్చిన ఇల్లూ, అమీనా సొచ్చిన ఇల్లూ ఒక్కటే" అన్నాడు. అమీనా అంటే జప్తుకొచ్చే కోర్టు మనిషి. గడప లోపల అరిష్టం, గడప బయట దేవుడు. బయట వదిలేస్తే వెళ్ళిపోతుంది, వెళ్ళిపోతే మొక్కు చెడుతుంది. ఏం చేద్దామని ఇద్దరు పెద్దమనుషులూ అరుగు మీద పొద్దెక్కేదాకా ఆలోచించి, తాబేలంటే నీటి జంతువు కదా అని, పశువులకు కుడితి పెట్టే గోలెం ఖాళీ చేసి, నిండా నీళ్ళు పోసి, దాన్ని అందులో వేశారు. అది గులకరాయిలా అడుగుకు పోయింది. నాలుగు కాళ్ళూ కొట్టుకుంటోంది. "ఈదుతున్నాది సూడు!" అని తాత చప్పట్లు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చి, మోచేతి దాకా చెయ్యి పెట్టి పైకి తీసింది. దాని ముక్కులోంచి బుడగలు వస్తున్నాయి. "ఇది మెట్ట తాంబేలు మావా. పల్లపుది కాదు. ములిగిపోద్ది" అంది. అమ్మ పుట్టిల్లు మెట్ట ఊరు. పొలాన్ని చూస్తే మెట్టా పల్లమా అని క్షణంలో చెప్పగలిగిన ఇద్దరు రైతులకు తాబేలులో కూడా మెట్ట, పల్లం ఉంటాయని తట్టలేదు. "మాకు తెలీదేటి" అన్నాడు తాత, తెలియని విషయం వచ్చినప్పుడల్లా అనే మాట.

తర్వాత కోళ్ళ గంప బోర్లించారు. తాబేలు గంపను నెత్తిన పెట్టుకుని పెరడంతా తిరిగింది. గంప తనంతట తాను నడిచి వస్తుంటే ఆవు తాడు తెంపుకుంది. గంప మీద రాయి పెడితే ఒక పక్క మట్టి తవ్వి బయటపడింది. మూడుసార్లు పారిపోయింది. మూడుసార్లూ పక్కింటి వంకాయ మడిలో దొరికింది. తాబేలు నడక అని వెక్కిరించే వాళ్ళను ఒకసారి దాని వెంట పంపాలి. వెతికి తెచ్చేది నేను. పోయినందుకు తిట్లు తినేది నేను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెరట్లో పీట వేసుకుని దాని ముందు కూర్చోవడం నాకు ఉద్యోగమైంది. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. అమ్మ తలుపు వెనక నుంచి మెల్లగా అడిగింది, "మావా, గుంటని బడిలో ఎయ్యాల కదా" అని. గుంటంటే మావైపు ఆడపిల్ల. తాత అప్పుడు చెప్పిన మాట నాకు చచ్చేదాకా గుర్తుంటుంది. "నర్సి బడికి ఎల్లిపోతే కూర్మయ్యకి కాపలా ఎవులుంటారు? దానికి గూడు కట్టీనాక అప్పుడు సూద్దాం." అంటే గూడు లేస్తే నాకు బడి, లేకపోతే లేదు. నా ఆరో తరగతి ఒక తాబేలు గోడల మీద నిలబడింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడు తాబేలుకు ఇల్లు కట్టి చూడలేదు పాపం. అసిరయ్య వచ్చాడు. తాడు, మేకులు, చింతపిక్కల సంచి తెచ్చాడు. చింతపిక్కలు ఎందుకంటే లెక్కకు. అమ్మ అప్పటికే పుల్లతో నేల మీద గీసి చూపించింది. "ఆరు మూరల పొడుగు, నాలుగు మూరల ఎడల్పు ఉంటే సాలు. ఇటు ఎండ, అటు నీడ. ఒక మూల మీద తాటాకు. మా ఊర్ల మేకపిల్లలకి అలగే కడతారు." అంత సులువు పని అది. నాలుగు తాటి దుంగలు అడ్డం పడేసినా సరిపోయేది. కానీ అసిరయ్య నాలుక కరుచుకున్నాడు. "మేకపిల్లేటమ్మా! దేవుడికి కట్టీది. ఆయం సూడకుండా గోడ లేపితే నా సేతులు పడిపోవా?" అన్నాడు.

ఆయం సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఇల్లు కట్టేముందు పొడవును వెడల్పుతో హెచ్చించి, వచ్చినదాన్ని ఎనిమిదేసి చొప్పున తీసేస్తారు. చివర్న ఒకటి మిగిలితే ధ్వజాయం, మూడు మిగిలితే సింహాయం, అయిదైతే వృషభం, ఏడైతే గజం. ఇవి మంచివి. సరిసంఖ్య మిగిలితే చెడ్డ. ఏమీ మిగలకపోతే కాకాయం, కాకి ఇల్లు, అన్నిటికన్నా చెడ్డ. అసిరయ్య అరుగు మీద చింతపిక్కలు వరసలు పేర్చాడు. ఆరు నాలుగులు. ఎనిమిదేసి తీశాడు. మూడు కుప్పలు పోయి అరుగు ఖాళీ. "కాకాయం!" అని ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. తాత నా వైపు చూశాడు, అమ్మ చేసిన ఘనకార్యం చూశావా అన్నట్టు. పేరును బట్టి వర్గు కూడా చూడాలన్నాడు అసిరయ్య. కూర్మయ్య అంటే క వర్గు, క వర్గుకు జంతువు పిల్లి. కాబట్టి పిల్లికి నప్పే ఇల్లు కట్టాలి. తాబేలుకు, పిల్లి పేరుతో, కాకి కాకుండా. రెండు రోజులు ఇదే చర్చ. వచ్చిన వాళ్ళంతా తలో మాట. ఇంటి యజమాని తాబేలా, తాతా అని ఒక పంచాయితీ. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అమ్మ గొణగడం నేను విన్నాను.

మూడో రోజు నా ఓపిక నశించింది. అవతల హైస్కూలు తెరిచి అప్పటికే వారం. నాతో పాసైన కామేశం అల్యూమినియం పెట్టె ఊపుకుంటూ మా వీధిలోంచే వెళుతున్నాడు. అసిరయ్య ముసలి వేళ్ళు చింతపిక్కలతో కుస్తీ పడుతుంటే చూడలేక, "అయిదు మూడుల పదిహేను, ఎనిమిది తీస్తే ఏడు, గజాయం!" అని అరిచాను. "ఏనుగా!" అన్నాడు తాత. "ఏనుగే" అన్నాడు అసిరయ్య, వేళ్ళ మీద సరి చూసుకుని. మనవరాలి తెలివికి తాత కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గోడ ఎంత మందం అని ఎవరూ అడగలేదు. మట్టిగోడ మూరెడు మందం లేకపోతే మొదటి వానకే కూలుతుంది. ఆయం కొలత గోడ బయటికి పట్టాలా, లోపలికి పట్టాలా అనేది మావైపు మేస్త్రుల మధ్య ఎప్పటికీ తెగని తగువు. అసిరయ్యది బయటి కొలత సంప్రదాయం. అప్పుడు అడిగింది అమ్మ, చేట పక్కన పెట్టి. "అది సరే మావా. రెండు పక్కలా గోడలు పోతే లోన ఎంత మిగులుతాది? తాంబేలు ఎలగ తిరుగుతాది?"

లెక్క నాకు తెలుసు. మూడు మూరల పొడవు, ఒక మూర వెడల్పు. సందు. నేను ఆ మాట చెప్పి ఆపేసి ఉండాల్సింది. కానీ బడి పిచ్చిలో ఉన్నాను, గోడ లేస్తే చాలు. "మూడొకట్ల మూడు. సింహాయం!" అన్నాను. అంతే, అసిరయ్య లేచి నిలబడ్డాడు. "బయట ఏనుగు, లోన సింవం! అన్నా, జమీందారు బంగళాకి కూడా ఇలగ కుదరలేదు!" అన్నాడు. ఏనుగుకూ సింహానికీ మధ్య తాబేలుకు చోటెక్కడుందో ఎవరూ చూడలేదు. అమ్మ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి చేట తీసుకుని లోపలికి పోయింది. ఆ చూపు తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు నా మీదే చిరాకు.

గోడ లేవడానికి ఇరవై రోజులు పట్టింది. మట్టి తొక్కి, గడ్డి కలిపి, మోకాలెత్తు ఒక వరస పెట్టాలి. అది ఆరాక మరో వరస. ఆరేలోపు వాన. వాన వెలిశాక అసిరయ్యకు జ్వరం. తాబేలుకు మోకాలెత్తు గోడ చాలదా అంటే, దేవుడికి నడుమెత్తైనా లేకపోతే మర్యాద కాదన్నాడు. ఎట్టకేలకు, దేవుడికి ఆషాఢం పట్టింపు లేదని అసిరయ్య అంటే, గృహప్రవేశం చేశారు. నేను ఎగతాళి చేయడం లేదు, నిజంగానే చేశారు. గుమ్మం లేని ఇంటికి మామిడాకులు కట్టి, కొబ్బరికాయ కొట్టి, పాలు పొంగించి, కూర్మయ్యను పైనుంచి లోపలికి దించారు. అది సందు ఆ చివరిదాకా నడిచింది. గోడకు ముక్కు తగిలింది. డిప్ప గోడకు రాసుకుంటూ వెనక్కి తిరిగి ఈ చివరికి నడిచింది. మళ్ళీ గోడ. "మావా, రేపు బడికి ఎల్తాదా గుంట?" అంది అమ్మ. "ఎల్లుండి దశమి. అప్పుడు ఎల్లమను" అన్నాడు తాత. నేను ఆ సాయంత్రం పలక, పుస్తకాలు సంచిలో సర్దుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తినడానికి లోపలికి వెళ్ళాను. పట్టున పావుగంట కాలేదు. వచ్చి చూస్తే కూర్మయ్య వెల్లకిలా పడి ఉంది. తిరగడానికి చోటు లేక మూలలో గోడ ఎక్కబోయి వెనక్కి తిరగబడ్డట్టుంది. వాన వెలిసిన ఎండ నిట్టనిలువుగా సందులోకి దిగుతోంది. నీడ లేదు. తాటాకు వేస్తే ఆయం మారుతుందని అసిరయ్య వేయనివ్వలేదు మరి. దాని మెడ బయటికి వేలాడుతోంది. కాళ్ళు కదలడం లేదు. నేను గోడ మీద పొట్ట ఆనించి వంగి, చేతులు చాచి పైకి లాగాను. డిప్ప కాలిన పెనంలా ఉంది. నా ఏడుపు విని అమ్మ పరిగెత్తుకొచ్చి, నీళ్ళు చిలకరించి, తడి గోగాకులో చుట్టి, మంచం కింద నీడలో పెట్టింది. ఏం చేసినా అది తల లోపలికి ముడుచుకోలేదు. పొద్దు వాలుతుండగా కళ్ళు తెరిచింది.

తాత పొలం నుంచి వచ్చి అంతా విన్నాడు. అసిరయ్యను ఒక్క మాట అనలేదు. ఆయాన్ని అనలేదు. నా తల నిమిరి, "సూసినావా అమ్మా? నువ్వు ఉండబట్టి బతికినాది. బడికి ఎల్లిపోయుంటే ఏటయ్యేది?" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. నేను దాని ప్రాణం కాపాడానని నా బడి మానేయాలట. పెద్ద ఇల్లు కడదామన్నాడు. ఏడు మూరలు, అయిదు మూరలు, ఎంత మిగులుతాదో చెప్పమని నన్నే అడిగాడు. మూడు అని చెప్పాను, అలవాటు చొప్పున. "సింవం! వానలు పోనీ. దసరా ఎల్లినాక కడదాం" అన్నాడు. "మరి నా బడి?" అని ఏడ్చాను. "దేవుడికన్నా ఎక్కువేటే బడి?" అన్నాడు. కోపంతో కాదు, ఎంతో ప్రేమగా అన్నాడు. నేను ఏ గోడకేసి తల కొట్టుకోవాలి? ఆ గూడు ఏడు మూరలు కట్టినా, డెబ్భై మూరలు కట్టినా నేను ఆ పెరడు దాటనని నాకు ఆ సాయంత్రం తెలిసింది. అమ్మకు అంతకు ముందే తెలిసినట్టుంది.

మర్నాడు తాత తెల్లారకుండానే నీళ్ళ వంతుకు పొలం వెళ్ళాడు. అమ్మ తమ్ముణ్ణి పక్కింటి అప్పమ్మకు అప్పగించి, నాకు తల దువ్వి, ఉతికిన గౌను వేసింది. కూర్మయ్యను గంపలో పెట్టి, పైన గోగాకు కప్పి నెత్తికెత్తుకుంది. "పద" అంది. ఎక్కడికని అడిగితే, "నిన్ను బడిలో ఏసి, దీన్ని శ్రీకూర్మంలో ఇచ్చీసి వస్తాను" అంది. నాకు ఒక్కసారిగా సంతోషం, ఏడుపు రెండూ వచ్చాయి. బడి కావాలి, కూర్మయ్యా కావాలి. పుట్లమ్మ గట్టు దాటి ఎర్రమెట్ట దగ్గరికి వచ్చాక, "నువ్వు నడుస్తుండు, నేను సేలోకి ఎల్లొస్తాను" అని గంపతో సహా గోగు చేలోకి వెళ్ళి కాసేపటికి వచ్చింది. హైస్కూలు గేటు దగ్గర కూర్మయ్యను ఒక్కసారి ముట్టుకుంటానని గంప మీద చెయ్యి వేశాను. "ముట్టుకోకు, బెదిరిపోద్ది" అని చెయ్యి తీసేసింది. రొంటిన దోపుకున్న టీసీ తీసి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది. అప్పటిదాకా అమ్మ పరాయి మగవాడి ఎదురుగా తల ఎత్తడం నేను చూడలేదు. "ఆలస్యమైపోనాది బాబూ, ఇంట్లో గోడ పని జరిగినాది" అని చెప్పింది. ఆయన సంతకం పెట్టమంటే వేలిముద్ర వేసింది.

సాయంత్రం గంట కొట్టాక బయటికి వస్తే అమ్మ గేటు దగ్గరే ఉంది. గంప ఖాళీ. "ఇచ్చీసినాను. గుళ్ళో బాగుంటాది" అంది. నేను ఏడుస్తూ ముందు నడిచాను. ఇంటి దగ్గర తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "కూర్మయ్య ఏడీ?" అన్నాడు. "నీ మొక్కు తీర్సీసినాను మావా" అంది అమ్మ. తన మొక్కే కదా, కాదనడానికి లేదు. "ఆషాడంలో ఎవులైనా మొక్కు తీరుస్తారేటే?" అన్నాడు. "గుంట బడిలో సేరినాది మావా. నాకు ఇయ్యాల మంచి రోజే" అంది. చీర కొంగు నెత్తి మీద సర్దుకుని పొయ్యి రాజేయడానికి వెళ్ళిపోయింది. "రేపు కూడా ఎల్తాదేటి?" అని తాత లోపలికి వినపడేలా అడిగాడు. "ఎల్తాది" అని లోపలి నుంచి జవాబు వచ్చింది. దానితో సరి.

ఇప్పుడు అలాంటి తాబేలును ఇంట్లో ఉంచుకుంటే అటవీశాఖ వాళ్ళు కేసు పెడతారు. మంచిదే. అమ్మ గీసిన ఆరు మూరలూ నాలుగు మూరలూ అప్పట్లో ఎవరికీ పట్టలేదు. ఇప్పుడైనా బుద్ధి వచ్చిందా అంటే, మొన్న విజయనగరంలో మా మేనకోడలి కొత్త ఫ్లాటుకు వెళ్ళాను. వాస్తు బ్రహ్మాండంగా కుదిరిందని వాళ్ళాయన చూపించాడు. వంటగదిలో మేనకోడలు గిన్నె దించడానికి నేను బయటికి రావాల్సి వచ్చింది. లోపల ఎంత మిగిలిందమ్మా అని అడగబోయి ఊరుకున్నాను.

నేను చదువుకున్నాను, టీచరునయ్యాను, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఏడాదికోసారి అమ్మను శ్రీకూర్మం తీసుకెళ్ళేదాన్ని. దర్శనం కాగానే నేను అక్కడి తాబేళ్ళలో మా కూర్మయ్య కోసం వెతికేదాన్ని. కుడి అంచు విరిగిన డిప్ప గుర్తు. ఒక్కోసారి గంటసేపు. అమ్మ నా పక్కనే నిలబడి, "అదేనేమో సూడు, ఆ మూలది" అని చూపించేది కూడా. నా మోకాళ్ళు అరిగిపోయే వయసు వచ్చాక, అమ్మ పోవడానికి రెండేళ్ళ ముందు, ఒకరోజు అలాగే వంగి చూస్తుంటే విసుక్కుంది. "లెగు లెగు. నడుం పట్టేస్తాది. అది ఇక్కడ లేదే." నాకు అర్థం కాలేదు. "ఎర్రమెట్ట కాడ గోగు సేలో వొదిలీసినాను ఆ పొద్దే. నిన్ను ముందు నడవమన్నాను, గేపకం లేదూ?" అంది. ముప్పై ఏళ్ళ పైన నన్ను నేల మీద వంగోబెట్టి వెతికించిందన్నమాట! నాకు ఒళ్ళు మండిపోయింది. గుళ్ళో ఉన్నామన్న ధ్యాస కూడా లేకుండా అరిచాను. మొక్కు ఎందుకు ఎగ్గొట్టావు, నాతో ఎందుకు అబద్ధం చెప్పావు, ఏమిటి నీ ఉద్దేశం అని.

అమ్మ ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. "శ్రీకూర్మం ఎల్తే సాయంత్రానికి రాగలనేటే? మీ తాత పేటకి వొచ్చి నిన్ను లాక్కుపోతే? ఆ దేవుడికి నేను ఎప్పుడైనా సెప్పుకోగలను. అందుకని గేటు కాడే కూకున్నాను, గంట కొట్టీదాకా. రెండు జల్లులు కురిసినాయి. గంప నెత్తిన బోర్లించుకున్నాను" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమెతో మాట్లాడలేదు. ఆ కోపం నాకు ఇంకా పూర్తిగా పోలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు. ఆ సాయంత్రమే నిజం చెప్పి ఉంటే, ఇంటిదాకా మూడు మైళ్ళూ నేను ఆమె చెయ్యి విదిలించుకుని, పది అడుగులు ముందు, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి ఉండేదాన్ని కాదు.